జిన్నింగు మిల్లు వారి సారె

తిరుపతమ్మకు వారశూల అంటే ఉన్న భయం తాచుపాము అంటే లేదు. పాము కనబడితే చీపురు తిరగేసి తరుముతుంది. ఆదివారం పూట పడమటి దిక్కుకు ప్రయాణమంటే మాత్రం గుమ్మంలోనే చతికిలబడుతుంది. శుక్ర, ఆదివారాలు పడమర పోరాదని వాళ్ళ నాయనమ్మ చెప్పిందట. ఆ నాయనమ్మ పోయి నలభై ఏళ్ళయింది గాని, ఆవిడ మాట నరసరావుపేట జిన్నింగు మిల్లు వంటింట్లో ఇవాళ్టికీ చెల్లుబాటవుతోంది.

జిన్నింగు మిల్లు అన్నానని అక్కడ పత్తి ఆడతారనుకోకండి. మిషన్లు ఎప్పుడో తూకానికి వెళ్ళిపోయాయి. వెనకనున్న కూలీల క్వార్టర్లకు వెల్ల వేయించి, ఒక ట్రస్టు వాళ్ళు ఇల్లులేని తల్లులకూ పిల్లలకూ నీడగా నడుపుతున్నారు. గేటు మీద బోర్డులో పేరు చాంతాడంత ఉంది. దాన్ని చదివేవాళ్ళు లేరు. ఆటోవాళ్ళకూ, కూరగాయల వాళ్ళకూ అది జిన్నింగు మిల్లే. ప్రస్తుతం ఆరుగురు తల్లులు, తొమ్మండుగురు పిల్లలు ఉంటున్నారు. వార్డెను సుప్రజ, ముప్పై ఏళ్ళ పిల్ల, మెడలో తాళాల గుత్తి, చేతిలో రిజిస్టరు. వంట తిరుపతమ్మది. ఉద్యోగం వంటమనిషిది, పెత్తనం అత్తగారిది.

ఈ కథకంతటికీ మూలం సాయి ప్రియ అనే పిల్ల. అచ్చంపేట అవతల ఏదో పల్లె. కిందటేడు ఏడో నెల కడుపుతో, ఒక చేతిసంచీతో నరసరావుపేట బస్టాండులో మూడు రోజులు కూర్చుంది. ఎవరడిగినా "మావాళ్ళొస్తన్నారు" అని చెప్పేది. ఎవరూ రాలేదు. కట్టుకున్నవాడు ఫోను నంబరు మార్చేశాడు, కన్నతల్లి చిన్నప్పుడే పోయింది, మారుతల్లి తలుపు తీయలేదు. నాలుగోనాడు మార్కెట్టు నుంచి వస్తున్న తిరుపతమ్మ ఆ పిల్లను చూసి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. "ఏమే, ఈ వంకాయల సంచీ ఒక చెయ్యి పట్టు" అని మిల్లుకు తీసుకొచ్చేసింది. "బరువు మొయ్యలేక పిలిచా, అంతేగాని జాలేం కాదు" అని ఇప్పటికీ బుకాయిస్తుంది.

మిల్లులోనే ఆడపిల్ల పుట్టింది. సంజన అని పేరు పెట్టారు. ఇప్పుడు అయిదో నెల. బోర్లా పడుతుంది, ఎవరి వేలు దొరికితే వాళ్ళ వేలు నోట్లో పెట్టుకుంటుంది. సాయి ప్రియ పల్నాడు రోడ్డులో స్కూలు యూనిఫారాలు కుట్టే షెడ్డులో పనికి కుదిరింది. కుట్టు బాగుందని మేస్త్రీ కాలర్లు కూడా ఆ పిల్లకే ఇస్తున్నాడు. ఇక మిగిలింది ఇల్లు.

"ఇక్కడ నాకేం లోటు లేదు పిన్నీ," అనేది సాయి ప్రియ, "కానీ సాయంత్రం పూట నా తలుపు నేను ఏసుకోవాలని ఉంది."

ఆ మాట తిరుపతమ్మకు బాగా అర్థమైంది. తానూ ఒకనాడు చంటిబిడ్డతో ఎవరివో అరుగుల మీద పడుకున్న మనిషే. ఆ బిడ్డ ఇప్పుడు గుంటూరులో నర్సు. అందుకే ఇంటి వేటకు తానూ బయల్దేరింది. ఒకటి కాదు రెండు కాదు, పదకొండు ఇళ్ళు కాదన్నాయి. భర్త ఏడీ అన్నారు కొందరు. జిన్నింగు మిల్లు అనగానే మొహం మాడ్చుకున్నారు ఇంకొందరు. ఒకాయన "ఫ్యామిలీకే ఇస్తామమ్మా" అన్నాడు. "చంకలో ఉన్నది ఫ్యామిలీ కాదా, పుచ్చకాయా?" అని తిరుపతమ్మ అడిగింది. ఆ ఇల్లు అంతటితో పోయింది. పన్నెండో ఇంటికి ఈవిడను రావద్దని అందరూ కాళ్ళు పట్టుకుంటే, సాయి ప్రియ ఒక్కతే వెళ్ళింది.

ఆ పన్నెండో ఇల్లు పల్నాడు రోడ్డు పక్క సందులో సుశీల గారిది. ముందు ఆవిడా భర్తా ఉంటారు, వెనక ఒక గది, వంటిల్లు ఖాళీ. షెడ్డుకు అయిదు నిమిషాల నడక, సందు మొదట్లోనే అంగన్‌వాడీ. సుశీల గారు మొగుడెవరని అడగలేదు. కులమడగలేదు. ఒకే ఒక్క మాట అడిగింది.

"నీ వెనకాల ఎవరున్నారమ్మాయ్? పోయినేడు ఇట్టాగే ఒక పిల్లకిచ్చా. డెంగీ వచ్చి పడిపోతే ఆసుపత్రిలో నన్ను నిలబెట్టి, మీరేమవుతారు, సంతకం పెట్టండి అంటన్నారు. ఆ పిల్లోళ్ళకి ఫోన్ చేస్తే ఒక్కడెత్తలా. నా బీపీ ఆ పూట పెరిగింది, ఇంతవరకు దిగలా. ఆదివారం పదకొండింటికి ఇంకొకళ్ళు అడ్వాన్సు ఇస్తామంటన్నారు. ఆలోపు మీ పుట్టింటోళ్ళని తీసుకురా. వాళ్ళ మొహం చూసి ఇస్తా. లేదంటే ఏమనుకోమాక."

సాయి ప్రియ బస్టాండులో చెప్పిన మాటే మళ్ళీ చెప్పింది. "మావాళ్ళొస్తారండీ" అంది. మిల్లుకొచ్చి, వంటింటి గడప మీద కూర్చుని ఏడ్చింది. తిరుపతమ్మ పప్పు తిరగమోతలో జీలకర్ర మాడిపోతున్నా చూసుకోలేదు.

"ఏడుస్తావేందే? పుట్టింటోళ్ళు కావాలందిగా. పోదాం."

"ఎవరు పిన్నీ?"

"ఎవరేంది? మేం సచ్చామా?" అంది తిరుపతమ్మ. "బిడ్డకి అయిదో నెల. అయిదో నెల్లో తల్లినీ బిడ్డనీ ఊరికే పంపుతారా ఎవరన్నా? సారె పెట్టి పంపుతాం. ఆ మహాతల్లి చూస్తే చూసుకోనీ."

సారె అనేసరికి మిల్లంతా లేచి కూర్చుంది. శుక్రవారం రాత్రి బియ్యం నానేశారు, శనివారం తడిపిండి కొట్టించారు. బెల్లం పాకం పొంగుతుంటే ఆ వాసనకు మిల్లు ప్రహరీ అవతల మెకానిక్కులు కూడా స్పానర్లు కింద పెట్టి వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. మిల్లు తల్లుల్లో లక్ష్మి అరిసెలు వత్తింది. అబిదా వాటిని నూనెలోంచి తీసి రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కింది. మిల్లుకొచ్చిన కొత్తలో మూడు వారాలు ఎవరితోనూ మాట్లాడని అబిదా ఇప్పుడు "పాకం ముదిరిపోయిద్ది, దించు దించు" అని తిరుపతమ్మ మీదే అరిచింది. సున్నుండలు చుట్టే పని పిల్లలకు అప్పజెప్పారు. చుట్టినవాటిలో మూడోవంతు నోళ్ళలోకి పోయాయి. తిరుపతమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. చలిమిడి మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అది తల్లి చేత్తో కూతురి ఒడిలో పెట్టేది. కొబ్బరి ముక్కలు, గసగసాలు వేసి, నెయ్యి పోసి తానే కలిపి, స్టీలు డబ్బాలో పెట్టి, తువ్వాలు చుట్టి గుడ్డసంచీలో దాచింది.

తెల్లవారితే ఆదివారం. సాయి ప్రియ బిడ్డనెత్తుకుని, పాల ప్యాకెట్టు పట్టుకుని చీకటితోనే వెళ్ళిపోయింది, ఇల్లు దక్కుతుందన్న నమ్మకంతో గది ఊడ్చి కడుక్కోవచ్చని. పొద్దు పొడవకముందు బయల్దేరితే శూల అంటదని తిరుపతమ్మే తేల్చింది. మిగతా వాళ్ళు ఎనిమిదింటికి, మిల్లుకు సరుకులు తోలే హబీబ్ ట్రాలీ ఆటోలో సారెతో వెళ్ళాలి. తిరుపతమ్మ, అబిదా, లక్ష్మి, ముగ్గురూ. చిన్నపిల్లలతో సుప్రజ మిల్లులోనే ఉండాలి, అది రూలు.

సారెను ఇంటింటికీ దేంట్లో పెట్టి ఇవ్వాలన్న చర్చ వచ్చింది. ప్లాస్టిక్ కవర్లు సుప్రజ ఒప్పుకోదు. ఆకుల్లో పెడితే పుట్టింటి పరువు పోతుందని తిరుపతమ్మ ఒప్పుకోదు. చివరికి మిల్లులో పిల్లలు అన్నం తినే స్టీలు పళ్ళేలే ఇరవై నాలుగూ బయటికి తీశారు. అన్నీ దానంగా వచ్చినవే, ఒక్కోదాని అంచున ఒక్కో పేరు చెక్కి ఉంటుంది.

"పళ్ళేలు జాగ్రత్త తిరుపతమ్మా. పన్నెండున్నరకి పిల్లలకి భోజనం. ఇంకో సెట్టు లేదు," అంది సుప్రజ. దారి కూడా కాగితం మీద రాసిచ్చింది. తిరుపతమ్మ ఆ కాగితాన్నీ, తన బటన్ల ఫోనునీ చలిమిడి సంచీలో పడేసింది. దారి ఆవిడకు నోటికొచ్చు. పల్నాడు రోడ్డులో నీళ్ళ ప్లాంటు, దాని దగ్గర ఎడమకి, రెండో సందు, ఎడమచేతి వైపు నీలం గేటు.

హబీబ్ ఆటో స్టార్టు చేసి, స్పీకరులో సన్నాయి మేళం పెట్టి, పడమటి వైపు తిప్పాడు.

"ఒరేయ్ ఒరేయ్! ఆపు! ఆదివారం పడమర శూలరా!"

"ఇల్లు పడమరే ఉంది కదా అత్తా. నేనేం చెయ్యను, ఇల్లు జరపలేను."

"ఇల్లు జరపక్కర్లా, ఆటో తిప్పు. ఉత్తరానికి పోయి, బైపాసు చుట్టి, అవతలి వైపు నుంచి రా. అప్పుడు తూర్పుకి పోయినట్టయిద్ది."

కిలోమీటరు దారికి ఆరు కిలోమీటర్లు తిరిగారు. లక్ష్మి ముసిముసిగా నవ్వుతూనే ఉంది, అబిదా కాళ్ళ మధ్య అరిసెల గంప పట్టుకుని కూర్చుంది. దారి పొడవునా సన్నాయి మోగుతుంటే జనం పెళ్ళివారనుకుని పక్కకు తప్పుకున్నారు. ఎట్టకేలకు అవతలి వైపు నుంచి పల్నాడు రోడ్డులోకి వచ్చారు. నీళ్ళ ప్లాంటు కనబడింది.

"ఎటు అత్తా?"

"చెప్పాగా, ఎడమకి."

హబీబ్ ఎడమకే తిప్పాడు. ఎదురువైపు నుంచి వస్తే ఎడమ కాస్తా కుడి అవుతుందని ఆ ఆటోలో ఒక్కరికీ తోచలేదు. రెండో సందు ఉంది. ఎడమచేతి వైపు నీలం గేటు కూడా ఉంది. ఊళ్ళో సగం గేట్లకు ఆ రంగే కదా.

తిరుపతమ్మ దగ్గర ఒక పన్నాగం ఉంది. తిన్నగా సుశీల గారింటికి వెళ్ళకూడదు. ముందు వీధి వీధంతా సారె పంచాలి. ఇంటింటికీ బొట్టు పెట్టి, మా అమ్మాయి ఈ వీధిలో దిగుతోందని చెప్పాలి. ఆఖరున నీలం గేటు. అప్పటికి ఇరుగుపొరుగు నోళ్ళన్నీ అరిసెలతో నిండి ఉంటాయి, ఇక సుశీల గారు కాదనేదెట్లా? ఇంత ఆలోచన చేసిన మనిషి, ఒక్కసారి ఫోను తీసి చూస్తే సరిపోయేది.

సందు చివర నుంచి మొదలుపెట్టారు. లక్ష్మి బొట్టు పెట్టడం, అబిదా పళ్ళెం అందించడం. పళ్ళెంలో రెండు అరిసెలు, సున్నుండ, జంతికలు, అరటిపండు, తమలపాకులు. ఆదివారం పొద్దున్నే తలుపు తడితే చందాల వాళ్ళనుకుని విసుక్కుంటూ తీసినవాళ్ళు, పళ్ళెం చూసి మెత్తబడ్డారు. సారె మొహం చూసి ఎన్నేళ్ళయిందో అని ఒక ముసలమ్మ అక్కడే నిలబడి కొరుక్కు తింది. పాకం ఎవరు పట్టారని అడిగింది.

"ఎవరమ్మాయి?" అని అందరూ అడిగారు.

"మా అమ్మాయేనమ్మా. సాయి ప్రియ. అయిదో నెల బిడ్డ. ఆ నీలం గేటింట్లో దిగుద్ది. కాస్త చూస్తా ఉండండి."

"అబ్రహాము గారింట్లోనా? వాళ్ళకి ఖాళీ పోర్షన్ యాడుంది?" అని ఒకావిడ అనబోయింది. తిరుపతమ్మ అప్పటికే పక్కింటికి వెళ్ళిపోయింది.

ఇరవై మూడు పళ్ళేలు అయ్యాయి. ఇరవై నాలుగోది తానే పట్టుకుని, కొంగు సర్దుకుని, తిరుపతమ్మ నీలం గేటు తోసింది. తెల్లచొక్కా ఇస్త్రీ మడత నలక్కుండా ఒక పెద్దాయన చేతిలో బైబిలుతో చర్చికి బయల్దేరుతున్నాడు. వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ ఆయన భార్య.

"అన్నయ్యా, సుశీలమ్మ గారు లేరా?"

"మా ఇంట్లో సుశీలమ్మెవరూ లేరే తల్లీ."

తిరుపతమ్మ వెనక్కి తిరిగి గేటు రంగు మళ్ళీ చూసుకుంది. ఆయన పేరు అబ్రహాము, ఆర్టీసీలో ముప్పై రెండేళ్ళు కండక్టరు చేసి రిటైరయ్యాడు. మాచర్ల నుంచి ఎడ్లపాడు దాకా దారులన్నీ కంఠస్థం. రెండు ప్రశ్నలు వేసి సంగతి పట్టేశాడు.

"నీలం గేటు సుశీల గారంటే రోడ్డుకి అవతల సందమ్మా. అటు నుంచొస్తే ఎడమ. మీరు ఇటు నుంచొచ్చారు."

హబీబ్ సన్నాయి ఆపాడు. అప్పుడు వినబడింది, గుడ్డసంచీలో ఏదో కీచుమంటున్న శబ్దం. చలిమిడి డబ్బాకూ తువ్వాలకూ మధ్య ఇరుక్కుని ఫోను మోగుతోంది. తిరుపతమ్మ లాగేలోపు ఆగిపోయింది. బటన్ల మీద నెయ్యి. అబిదా తీసి చూసి చెప్పింది: "పద్నాలుగు సార్లు చేసింది అత్తా, సాయి ప్రియ."

టైము పదింపావు దాటింది. గంప ఖాళీ. బస్టాండులో మూడు రోజులు ఎదురుచూసిన పిల్ల, ఇప్పుడు ఎవరింటి వాకిట్లోనో మళ్ళీ అదే మాట చెప్పుకుంటూ నిలబడి ఉంటుంది. ఈసారి రానిది తానే.

"పళ్ళేలు..." అంది లక్ష్మి.

"పళ్ళేలు తర్వాత. పదండి," అంది తిరుపతమ్మ. చేతిలో పళ్ళెం అబ్రహాము భార్య చేతిలో పెట్టేసి, చలిమిడి సంచీ ఒక్కటే చంకలో పెట్టుకుని రోడ్డు దాటింది. పడమరో తూర్పో చూసుకోలేదు.

సుశీల గారింటి వాకిట్లో సాయి ప్రియ బిడ్డను భుజాన వేసుకుని నిలబడి ఉంది. పాల ప్యాకెట్టు అరుగు మీద చెమట పట్టి ఉంది. తిరుపతమ్మను చూడగానే ఆ పిల్ల మొహం వెలిగింది, వెంటనే ఆవిడ వెనక చూసింది. ముగ్గురు ఆడవాళ్ళు, ఒక ఖాళీ గంప.

"ఏమ్మా, మీరేనా పుట్టింటోళ్ళు?" సుశీల గారు కుర్చీలోంచి లేవలేదు. "పొద్దున ఆరింటి నుంచి ఇదుగో వస్తన్నారు, అదుగో వస్తన్నారంటంది ఈ పిల్ల. ఏ ఊరు మీది?"

అబద్ధం చెబుదామా అన్న ఆలోచన తిరుపతమ్మకు రాకపోలేదు. నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"ఊళ్ళోనేనండీ. జిన్నింగు మిల్లు. నేను అక్కడ వంట చేస్తా. ఈళ్ళు నా పిల్లలు. రక్తసంబంధమంటే మాకేం లేదు."

"ఆహా. మరి ఫోనెందుకెత్తలా?"

తిరుపతమ్మ చంకలో సంచీని వెనక్కి జరుపుకుంది.

"నేనేం అడిగానమ్మా? డబ్బడిగానా, దస్కమడిగానా? రేపు ఏదన్నా అయితే ఫోనెత్తే మనిషి కావాలన్నా. ఈ పిల్ల నా కళ్ళముందే పద్నాలుగు సార్లు చేసింది. ఒక్కసారన్నా ఎత్తావా? మంచోళ్ళలాగే ఉన్నారు. మంచితనం నాకు అర్ధరాత్రి ఆసుపత్రిలో ఏం పనికొచ్చిద్ది?"

ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు, అదే బాధ. ఎవరైనా అన్యాయంగా మాట్లాడితే తిరుపతమ్మ నోటికి ఎదురుండదు. న్యాయం మాట్లాడేవాళ్ళతో తగాదా ఆవిడకు అలవాటు లేదు. చివరికి మెల్లగా జరిగింది జరిగినట్టు చెప్పింది: శూల, బైపాసు, ఎడమచెయ్యి, అవతలి సందులో ఇరవై నాలుగిళ్ళకు పంచేసిన సారె. చెబుతుంటే సుశీల గారి పెదవి ఒక మూల కదిలింది గాని నవ్వు బయటికి రాలేదు. గోడ గడియారం చూసింది. పదకొండుకు ఇరవై నిమిషాలు తక్కువ.

"మా పిన్నిది తప్పు కాదండీ," అంది సాయి ప్రియ. "రాకపోయినా మా పిన్నే." పాల ప్యాకెట్టు చేతిలోకి తీసుకుంది, వెళ్ళిపోవడానికి.

అప్పుడు రోడ్డు వైపు నుంచి విజిలు వినబడింది. పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు. పల్నాటి బస్సెక్కినవాళ్ళెవరికైనా తెలిసిన విజిలే.

"రైట్ రైట్! ముందుకి, ముందుకి జరగండి!"

సందు మలుపులో ముందు అబ్రహాము, నోట్లో విజిలు, చంకలో బైబిలు. వెనక ఆయన భార్య, ఆవిడ వెనక బొట్లు పెట్టించుకున్న ఆడవాళ్ళు, అరిసె పాకం అడిగిన ముసలమ్మ, ఆదివారం లుంగీల్లో నలుగురు మగవాళ్ళు, పిల్లాజెల్లా. అందరి చేతుల్లో స్టీలు పళ్ళేలు. ఒక్కటీ ఖాళీ లేదు. ఇచ్చిన పళ్ళెం ఉత్తగా తిప్పి పంపడమంటే ఆ వీధి ఆడవాళ్ళకు తల తీసేసినట్టు. ఒక దాంట్లో సోలెడు బియ్యం, ఒక దాంట్లో కందిపప్పు, ఇంకో దాంట్లో తొడిమలు తీసిన గుంటూరు మిరపకాయలు. చింతపండు ముద్ద, ఉప్పు ప్యాకెట్టు, పసుపు కొమ్ములు, గోంగూర పచ్చడి సీసా. ఒకావిడ తన పళ్ళెం మీద కొత్త పప్పుగుత్తి పెట్టుకొచ్చింది. ముసలమ్మ పళ్ళెంలో ఆవిడ మునిమనవడి ఊలు టోపీ ఉంది.

"అబ్రహాము గారూ, మీరేందండీ ఇట్టా?" సుశీల గారు ఇప్పుడు లేచింది.

"పళ్ళేలిచ్చిపోదామనొచ్చాం తల్లీ. చర్చికి ఎట్టాగూ ఆలస్యమైంది, దేవుడు ఏమనుకోడులే. ఏదీ, ఆ సాయి ప్రియెవరు? సారె తినేశాం, పిల్ల మొహం చూడొద్దా?"

ఆడవాళ్ళు అప్పటికే సంజనను ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటున్నారు. ఆ పిల్ల ప్రతివాళ్ళ వేలూ నోట్లో పెట్టుకుని రుచి చూస్తోంది.

"ఇల్లు ఇంకా ఇవ్వలేదండీ," అంది సుశీల గారు. గొంతులో కాస్త మొహమాటం వచ్చింది. "రేపేదన్నా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలా అని..."

"నాకు చెయ్యి. రాసుకో నంబరు. రిటైరైన దగ్గర్నుంచి నాకు నిద్రెక్కడుంది, అర్ధరాత్రి ఒక్క రింగుకే ఎత్తుతా."

"మాదీ రాసుకోండి, మాకు కారుంది," అన్నాడు ఒక లుంగీ ఆయన.

"నాకు ఫోను లేదు గాని గోడవతల్నించి ఒక్క కేకెయ్," అంది ముసలమ్మ. ఆవిడ గోడ ఈ గోడకు ఆరిళ్ళ దూరం, మధ్యలో మెయిన్ రోడ్డు కూడా.

సుశీల గారు లోపలికెళ్ళి పెన్ను తెచ్చింది. గోడ క్యాలెండరు తీసి, వెనకవైపు రాయడం మొదలెట్టింది. రాస్తుంటే మనుషులు చుట్టూ మూగారు. ఒకాయన తన అల్లుడి నంబరు కూడా చెప్పాడు, అల్లుడు అంబులెన్సు నడుపుతాడట. పేజీ సగం నిండింది. అన్నిటికంటే పైన మాత్రం ఖాళీ వదిలింది. తలెత్తి తిరుపతమ్మను చూసింది.

"నీది చెప్పు. ముందు నీకే చేస్తా. ఆ ఫోను మాత్రం చలిమిడిలో పెట్టమాక."

తిరుపతమ్మ నంబరు చెబుతుంటే రెండుసార్లు తప్పు పోయింది. మూడోసారి సాయి ప్రియే చెప్పింది, చూడకుండా.

"మరి చలిమిడేదీ?" అంది సుశీల గారు. "అదైనా ఉంచావా, అదీ పంచేశావా?"

తిరుపతమ్మ డబ్బా మూత తీసింది. తీసి, సుశీల గారి వైపు చాపింది. "పెద్దముత్తయిదువ, మీ చేత్తో పెట్టండమ్మా. నేనంటే... తల్లి పెట్టాలి కదా ఇది."

"నేను ఇంటిగలదాన్ని. నాకెందుకిస్తావ్?" సుశీల గారు చెయ్యి వెనక్కి తీసుకుంది. "తల్లివి నువ్వుండగా నేను పెడతానేంది? కానీయ్, పాలు కూడా పొంగించాలి. టైమవుతోంది."

సాయి ప్రియ కొంగు పట్టి కూర్చుంది. తిరుపతమ్మ చలిమిడి ముద్ద ఆ ఒడిలో పెట్టింది. తన కాన్పుకు ఎవరూ తేని చలిమిడి, తాను రుచి కూడా ఎరగని మర్యాద, తన చేతుల మీదుగా దాటిపోతుంటే ఆవిడకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. సాయి ప్రియ చిన్న ముక్క విరిచి, తాను తినకముందే ఆవిడ నోట్లో పెట్టింది. నెయ్యి సరిపోయింది, బెల్లం ఒక పిసరు తక్కువైంది అనుకుంది తిరుపతమ్మ. ఇంత తీపి మాత్రం జన్మలో తినలేదు.

వెనక గదిలో పాలు పొంగాయి. ఫోను మోగింది. ఈసారి మొదటి రింగుకే ఎత్తింది. సుప్రజ.

"పళ్ళేలేవి తిరుపతమ్మా? పిల్లలు అప్పుడే ఆకలంటున్నారు."

సుశీల గారు ఫోను లాక్కుంది. "పిల్లల్ని ఇక్కడికే పంపమ్మా. ఇక్కడ పప్పుంది, పచ్చడుంది, బియ్యముంది, నలభై మంది వంటోళ్ళున్నారు." హబీబ్ మళ్ళీ సన్నాయి పెట్టుకుని బయల్దేరాడు. "తూర్పుకేగా, శూల లేదుగా అత్తా?" అని అరిచాడు. తిరుపతమ్మ చెప్పు తీసినట్టు నటించింది.

సరిగ్గా పదకొండింటికి సందులోకి ఒక స్కూటరు వచ్చింది. అడ్వాన్సు ఇస్తామన్న ఆయన. గేటు దాకా రావడానికి దారి లేక, హెల్మెట్టు తీసి, వాకిలి నిండా మనుషుల్నీ, అరుగు మీద వరసగా పేర్చిన పళ్ళేల్నీ చూశాడు.

"ఏదన్నా ఫంక్షనా అండీ? తర్వాత రమ్మంటారా?"

"ఫంక్షనేం కాదండీ," అంది సుశీల గారు, పప్పుగుత్తి చేత్తో పట్టుకునే. "ఏమనుకోకండి, పోర్షన్ ఇచ్చేశా. అమ్మాయి పుట్టింటోళ్ళొచ్చారు. చానామంది ఉన్నారండీ వాళ్ళోళ్ళు."